కన్నడ ‘భ్రష్టాచార’ తెలుగులో ఏమవుతుంది? అవినీతి, భ్రష్టత్వం, నైతిక పతనం: ఏది ఎక్కడ

మీ ప్రశ్న సారాంశం ఇది. బెంగళూరు వైట్‌ఫీల్డ్ దగ్గరి గోదాములో పనిచేసే డ్రైవర్లకు, లోడింగు మనుషులకు కంపెనీ ప్రవర్తన నియమావళిని తెలుగులో ఇవ్వాలి. వాళ్ళలో ఎక్కువమందిది అనంతపురం, చిత్తూరు, కోలారు వైపు. మీ చేతిలో ఉన్న కన్నడ ప్రతిలో ‘భ్రష్టాచార’, ‘నైతిక అధఃపతన’ అనే మాటలు పదే పదే వస్తున్నాయి. రెండూ సంస్కృతం మాటలే కదా, తెలుగు లిపిలోకి దించేస్తే సరిపోదా అని అడిగారు.

సరిపోదండి. బెంగళూరులో కన్నడం నుంచి తెలుగు చేసేటప్పుడు ఎక్కువ తప్పులు ఇలాంటి ఉమ్మడి మాటల దగ్గరే జరుగుతాయి. తెలియని మాటైతే నిఘంటువు తీస్తాం. తెలిసినట్టు కనిపించే మాటను ఎవరూ వెతకరు. కాబట్టి ముందు ‘భ్రష్ట’ సంగతి చూద్దాం, మిగతావి దాని వెంటే వస్తాయి.

భ్రష్ట అంటే జారిపోయిన, పడిపోయిన అని అర్థం. ధాతువు భ్రంశ్. ఎక్కడి నుంచి పడ్డాడన్నది చెప్పందే ఈ మాటకు అర్థం పూర్తి కాదు. రాజ్యభ్రష్టుడు, పదవీభ్రష్టుడు, ధర్మభ్రష్టుడు, ఆచారభ్రష్టుడు: ఇవన్నీ పంచమీ తత్పురుషాలే. రాజ్యం నుంచి భ్రష్టుడు, ధర్మం నుంచి భ్రష్టుడు అని విడదీసుకోవాలి. తప్పు ఉందా లేదా అన్నది మొదటి పదమే తేలుస్తుంది. నలుడు రాజ్యభ్రష్టుడు, పాండవులూ రాజ్యభ్రష్టులే. అంతమాత్రాన వాళ్ళను నీతిలేనివాళ్ళని ఎవరూ అనరు. భగవద్గీత ఆరో అధ్యాయంలో యోగభ్రష్టుడి ప్రస్తావన ఉంది. సాధన మధ్యలో జారిపోయినవాడు మళ్ళీ శుచిమంతులైన శ్రీమంతుల ఇంట పుడతాడని అక్కడ చెబుతారు. అది నింద కాదు, ఓదార్పు. ఏనుగు లక్ష్మణకవి భర్తృహరి శ్లోకాన్ని తెలుగు చేస్తూ గంగ ఆకాశం నుంచి శివుడి తల మీదికి, అక్కడి నుంచి హిమాలయానికి, నేలకు, సముద్రానికి, చివరికి పాతాళానికి దిగిన వరస చెప్పి ‘వివేకభ్రష్ట సంపాతముల్’ అని ముగించాడు. పడటం అనే అసలు అర్థం ఆ పద్యంలో కళ్ళకు కట్టినట్టు ఉంటుంది. బడిలో ఈ పద్యం చదివినవాళ్ళకు ‘భ్రష్ట’ను వేరే వివరించాల్సిన పని లేదు.

ఇప్పుడు ‘భ్రష్టాచార’. ఆచారం భ్రష్టమైనవాడు అనే అర్థంలో ఇది మొదట మనిషిని చెప్పే మాట. హిందీలో, కన్నడంలో అది కరప్షన్‌కు స్థిరమైన నామవాచకంగా మారింది. తెలుగులో ఆ మార్పు జరగలేదు. తెలుగువాడి చెవికి ‘ఆచారం’ అంటే మడి, మైల, పూజ, ఇంటి పద్ధతి. భ్రష్టాచారం అని రాస్తే ఎవరో సంధ్యావందనం మానేశారనో, కులం కట్టుబాటు తప్పారనో అనిపిస్తుంది తప్ప, బిల్లు పాస్ చేయడానికి ఎవరో డబ్బు తిన్నారని తట్టదు. ప్రభుత్వ సంస్థల పేర్లలోనే ఈ తేడా చూడొచ్చు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఏసీబీని అవినీతి నిరోధక శాఖ అంటారు. కర్ణాటకలో 2016లో పెట్టిన ఏసీబీ పేరు ‘భ్రష్టాచార నిగ్రహ దళ’. హైకోర్టు 2022 ఆగస్టులో దాన్ని రద్దుచేసి ఆ అధికారాలను తిరిగి లోకాయుక్త పోలీసులకు అప్పగించింది. మీ కన్నడ ప్రతిలో ఇంకా ఆ దళం పేరే ఉంటే తెలుగులోకి తేకముందే దాన్ని తీసేయండి. లేని ఆఫీసుకు ఫిర్యాదు చేయమని చెప్పినట్టవుతుంది. చెన్నై శాఖకు కూడా ఇదే పత్రం పంపుతారేమో, అక్కడ కరప్షన్‌కు వాడే తమిళ మాట ‘ఊళల్’. తెలుగులో ఆ మాట లేదు కాబట్టి దానితో పొరబడే ప్రమాదం లేదు.

కాబట్టి నియమావళిలో ‘భ్రష్టాచార’ ఉన్న ప్రతిచోటా మొదటి ఎంపిక ‘అవినీతి’. దీని సంగతి కూడా కొంచెం తెలుసుకుంటే వాడుకలో పొరపాటు రాదు. వినీతి అంటే శిక్షణ, అణకువ, నడవడి. వినీతుడంటే చక్కగా దిద్దబడినవాడు. అది లేకపోవడం అవినీతి. అంటే అ + వినీతి. చాలామంది ‘అవనీతి’ అని రాస్తున్నారు, పలుకుతున్నారు. అది తప్పు. అవని అంటే భూమి. పాత సంస్కృతంలో అవినీతుడంటే క్రమశిక్షణకు లొంగనివాడు, లంచంతో సంబంధం లేదు. కోలారు, తలకాడు కేంద్రాలుగా ఏలిన పశ్చిమ గంగరాజుల్లో అవినీతుడనే రాజు ఉన్నాడు, అతని కొడుకు దుర్వినీతుడు. ఇవాళ్టి అర్థంతో ఆ పేర్లు చదివితే ఆశ్చర్యం కలుగుతుంది గాని, నేటి అర్థం బాగా తర్వాత వచ్చింది.

నేటి తెలుగులో అవినీతి అంటే ముఖ్యంగా అధికారాన్నో, బాధ్యతనో అడ్డం పెట్టుకొని సొంతానికి లాభం చేసుకోవడం. తాగుడు, వ్యభిచారం, అబద్ధం లాంటివి ఎంత తప్పయినా ‘అవినీతి’ కిందికి రావు. మీరు గుర్తుంచుకోవాల్సిన గీత ఇదే. క్రియ విషయంలో ‘అవినీతి చేశాడు’ అని ఉపన్యాసాల్లో వినిపిస్తుంది కాని, రాతలో ‘అవినీతికి పాల్పడ్డాడు’ నిలకడైన ప్రయోగం. పాల్పడడం అనే క్రియను చెడ్డ పనులకే వాడతారు, దొంగతనానికి పాల్పడ్డాడు, మోసానికి పాల్పడ్డాడు అని. కన్నడ ప్రతిలో ‘తొడగిద’ (పూనుకున్న) అనో ‘మాడిద’ (చేసిన) అనో ఉంటే అక్కడ కూడా పాల్పడడమే వాడండి. మనిషిని చెప్పాలంటే అవినీతిపరుడు. బహువచనంలో అవినీతిపరులు. ‘అవినీతుడు’ రాయొద్దు, అది పాత అర్థంలోకి జారుతుంది.

అయితే డ్రైవర్లు చదివే కాగితంలో అవినీతి ఒక్కటే పెట్టి వదిలేస్తే అది మళ్ళీ పేపరు భాష అయిపోతుంది. అవినీతి అంటే మంత్రులు చేసేది, మాకేంటి అనుకుంటారు. అక్కడ ‘లంచం’ ఉండాలి. ఈ మాట తెలుగు, కన్నడ, తమిళం మూడింటిలోనూ దాదాపు ఒకే రూపంలో ఉంది, మూడింటిలోనూ ఒకే అర్థం. గోదాము గోడ మీద మూడు భాషల్లో బోర్డు పెట్టాలంటే ఇంతకంటే అనువైన మాట దొరకదు. తీసుకునే అలవాటున్నవాణ్ణి కన్నడంలో లంచగుళి, లంచకోర అంటారు, తెలుగులో లంచగొండి. ఇక్కడ మాత్రం దించేయొద్దు, మార్చాలి.

నిర్వచనం ఇలా పెట్టవచ్చు:

“పని చేసిపెట్టడానికి గాని, ఆపడానికి గాని, త్వరగా చేయడానికి గాని డబ్బు, బహుమతి, ఖర్చులు, ఉద్యోగం, మరే రకమైన లాభమైనా అడగడం, తీసుకోవడం, ఇవ్వడం, ఇస్తానని మాట ఇవ్వడం లంచమే. కంపెనీ పనికోసం ఇచ్చినా అది లంచమే.”

చివరి వాక్యాన్ని వదలకండి. చెక్‌పోస్టు దగ్గర, పార్కింగు దగ్గర ఇచ్చే డబ్బును డ్రైవరు తన తప్పుగా చూడడు, ట్రిప్పు ఖర్చుగా చూస్తాడు. 1988 అవినీతి నిరోధక చట్టానికి 2018లో చేసిన సవరణతో ప్రభుత్వోద్యోగికి లంచం ఇవ్వడం కూడా 8వ సెక్షన్ కింద నేరమైంది. బలవంతం మీద ఇవ్వాల్సి వచ్చినవాడు 7 రోజుల్లోగా పోలీసులకో, దర్యాప్తు సంస్థకో తెలియజేస్తే ఆ సెక్షన్ అతనికి వర్తించదు. ఈ 7 రోజుల సంగతి నియమావళిలో అంకెతో సహా ఉండాలి. ‘వెంటనే తెలియజేయాలి’ అని రాసి ఊరుకుంటే ఆ రక్షణ ఉందన్న సంగతే మనిషికి తెలియదు. అదే సవరణలో వచ్చిన ‘అన్‌డ్యూ అడ్వాంటేజ్’కు ‘అనుచిత లాభం’ చాలు. ప్రయోజనం, లబ్ధి కూడా తప్పు కాదు గాని, లోడింగు మనిషికి లాభం దగ్గరి మాట.

వాడుకమాటలు ఎంతవరకు వాడొచ్చన్నది తర్వాతి సంగతి. ‘మామూళ్ళు’ తప్పకుండా పెట్టండి, అయితే బహువచనంలోనే. ఏకవచనంలో మామూలు అంటే ఎప్పటిలాగే అని. ‘మామూలు ఇవ్వరాదు’ అని రాస్తే ఏమి ఇవ్వకూడదో సగంమందికి అర్థం కాదు, ‘మామూళ్ళు ఇవ్వరాదు’ అంటే అందరికీ తెలుస్తుంది. ‘ముడుపులు’ అంటే దేవుడికి కట్టిన మొక్కు సొమ్ము, పెద్ద కాంట్రాక్టులో పైవాళ్ళకు చేరే సొమ్ముకూ అదే మాట. కొనుగోలు విభాగం వాళ్ళ అధ్యాయంలో వాడుకోవచ్చు, డ్రైవర్ల కాగితంలో అక్కర్లేదు. చేయి తడపడం అందరికీ తెలిసిన నుడికారమే కాని, నియమాల్లో నుడికారాలు పెట్టకూడదు. రేపు విచారణలో ‘నేను తడపలేదు, టీ తాగించాను’ అనే వాదనకు తావిస్తాయి. శిక్షణ తరగతిలో నోటితో చెప్పండి, కాగితం మీద వద్దు. గడ్డి తినడమూ అంతే. ‘డబ్బుకోసం గడ్డి తినే రకం’ అన్న తిట్టులో లంచం ఒక్కటే కాదు, ఎంత నీచానికైనా దిగజారడం ఉంది. బలమైన మాట, క్రమశిక్షణ నోటీసులో పడితే పరువునష్టం కిందికి రావచ్చు.

మీ ప్రతిలో ‘హగరణ’ ఒకచోట ఉందన్నారు. అది స్కామ్. తెలుగులో కుంభకోణం. చెన్నైకి పంపే ప్రతిలో మాత్రం ఈ మాట చూసుకోండి. అక్కడ తెలుగు చదివే తమిళ సహోద్యోగికి కుంభకోణం అంటే తంజావూరు వైపు ఊరే గుర్తొస్తుంది. ‘భారీ ఆర్థిక మోసం’ అని రాస్తే ఏ గొడవా లేదు.

ఇక కష్టమైన చోటు ‘నైతిక అధఃపతన’. మీరు చెప్పిన అధ్యాయాన్ని బట్టి అది ఇంగ్లీషు ‘మోరల్ టర్పిట్యూడ్’కు కన్నడ అనువాదం. ఇక్కడ తప్పు మాట పడితే మనిషి డబ్బు మీద దెబ్బ పడుతుంది. 1972 గ్రాట్యుటీ చట్టంలో 4(6) సెక్షన్ ప్రకారం, ఉద్యోగంలో ఉండగా అలాంటి నేరానికి సంబంధించిన పనిచేసి తొలగింపు పొందినవాడి గ్రాట్యుటీని మొత్తంగా గాని, కొంత గాని ఆపేయొచ్చని ఉండేది; 2025 నవంబరులో ఆ చట్టం స్థానంలో అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఈ నియమం ఉంది. ఏది మోరల్ టర్పిట్యూడ్ అన్నది చట్టం నిర్వచించలేదు. 1996లో హర్యానాకు సంబంధించిన ఒక కేసులో సుప్రీంకోర్టు స్వభావంలోనే నీచమైన, హేయమైన, భ్రష్టమైన నడవడిని ఈ మాట సూచిస్తుందని వివరించింది. గుర్తించండి, నీచత్వం ఉన్నది పనిలో. ‘పతనం’ అన్నామంటే అది మనిషికి జరిగేది, కాలక్రమంలో జరిగేది. ‘నైతిక పతనంతో కూడిన నేరం’ అనే పదబంధం తెలుగులో కొంచెం తేలిపోతుంది. చదివినవాడికి సమాజంలో విలువలు పడిపోవడం గురించిన సంపాదకీయం గుర్తొస్తుంది. ‘అధఃపతనం’ ఇంకా భారీగా వినిపిస్తుంది, సామ్రాజ్యాల గురించి మాట్లాడినట్టు.

నా ఎంపిక ‘నైతిక నీచత్వంతో కూడిన నేరం’. అదే వాక్యం వెంట వివరణ ఉండాలి: “మోరల్ టర్పిట్యూడ్ అని చట్టం చెప్పే ఈ మాటకు అర్థం, దొంగతనం, మోసం, నమ్మకద్రోహం, దొంగ పత్రాల తయారీ లాంటి, మామూలు మనిషి మనస్సాక్షికే సిగ్గుచేటైన నేరమని.” చట్టం మాటను తెలుగు లిపిలో ఒక్కసారి అలా ఉంచితే లాయరుకు, కార్మికుడికి ఇద్దరికీ పనికొస్తుంది. ఆ తర్వాత పత్రమంతా ఒకే మాట వాడండి. ఒకచోట నైతిక పతనం, ఇంకోచోట నీతిబాహ్యత, మరోచోట దుర్నీతి అని మార్చి మార్చి రాస్తే కథకు అందం గాని, నియమావళిలో మూడు వేర్వేరు నేరాలేమోనన్న వాదనకు దారి ఇస్తుంది. కన్నడ ప్రతికి తెలుగు ప్రతికి మధ్య తేడా వస్తే ఏది చెల్లుతుందో చివర ఒక వాక్యం పెట్టడం కూడా మరవకండి.

‘భ్రష్ట’ను పూర్తిగా వదిలేయాలా అంటే, అక్కర్లేదు. తెలుగులో దానికి సొంత బతుకు ఉంది, అది ‘భ్రష్టుపట్టు’ అనే క్రియ. ఇది ఎక్కువగా వ్యవస్థలకు, పనులకు, పరువుకు అతుకుతుంది. ‘చదువులు భ్రష్టుపట్టాయి’, ‘ఊరి రాజకీయం భ్రష్టుపట్టింది’. ఎవరు చేశారో చెప్పాలంటే భ్రష్టుపట్టించు: ‘నలుగురు కలిసి సొసైటీని భ్రష్టుపట్టించారు’. బాగున్నది చెడిందన్న సూచన ఇందులో ఎప్పుడూ ఉంటుంది, మొదటి నుంచీ చెడ్డదాన్ని ఇలా అనరు. కంపెనీ ముందుమాటలో ‘ఒకరిద్దరి లంచాలతో సంస్థ పేరే భ్రష్టుపడుతుంది’ అంటే చక్కగా ఉంటుంది. ‘యాభై రూపాయలు తీసుకుని భ్రష్టుపట్టాడు’ అంటే మాత్రం, లంచం తిన్నాడన్న అర్థం రాదు, వాడి బతుకు పాడైందని వస్తుంది.

‘కుళ్ళు’ కూడా వ్యవస్థకు బాగుంటుంది, ‘వ్యవస్థ కుళ్ళిపోయింది’. మనిషి మీదికి తెస్తే అర్థం తిరిగిపోతుంది. ‘వాడికి కుళ్ళు’ అంటే అసూయ, కుళ్ళుబోతు అంటే ఓర్వలేనివాడు. ‘దిగజారు’ రెండింటికీ నప్పుతుంది, విలువలు దిగజారాయి అన్నా, ఇంతకు దిగజారాడా అన్నా. నోటీసులో కాకుండా కౌన్సెలింగులో వాడటానికి ఇది మంచి మాట. ఒక పనిని తప్పుపట్టడానికి నాకు బాగా నచ్చేది ‘నీతిమాలిన’. నీతి మాలిన పని, సిగ్గుమాలిన పని. ‘మాలు’ అంటే లేకపోవు, కోల్పోవు. నింద పని మీద ఆగుతుంది, మనిషి మొత్తాన్ని ముంచదు.

ఆడవాళ్ళ విషయంలో అందరికంటే ఎక్కువ జాగ్రత్త కావాలి. మీ గోదాములో ప్యాకింగ్ అంతా ఆడవాళ్ళే అన్నారు కనుక దీన్ని గట్టిగా చెబుతున్నాను. ‘చెడిపోయాడు’ అంటే తాగుడు, జూదం, చెడు సావాసం ఏదైనా కావచ్చు. ‘చెడిపోయింది’ అని ఆడమనిషిని అంటే తెలుగులో ఒకే ఒక్క అర్థం, అది ఆమె శీలం మీద వేసిన నింద. పతితుడు, పతిత; భ్రష్టుడు, భ్రష్టురాలు: ఈ జంటల్లోనూ ఆడ రూపం అటే మొగ్గుతుంది. బిల్లు దొంగ లెక్క రాసిన ఉద్యోగిని గురించిన నోటీసులో ‘నైతికంగా పతనమైన’ అని రాశారంటే, ఆమె చేయని తప్పును ఆమె మీద వేసినట్టే. ఊళ్ళో ఆ కాగితం ఎవరైనా చదివితే దాని ఫలితం ఆమె కుటుంబం మోయాలి. మనిషికి విశేషణం పెట్టకుండా, చేసిన పనిని పేరుతో చెప్పండి: “బిల్లు నంబరు ఫలానాలో మొత్తాన్ని మార్చి రాశారు.” మగవాళ్ళ నోటీసుల్లోనూ ఇదే పద్ధతి పాటిస్తే తేడా చూపారన్న మాట రాదు.

అక్షరాల దగ్గర కూడా పట్టు ఉండాలి, ఎందుకంటే డీటీపీలో ఈ మాటలే ఎక్కువ చెడతాయి. భ్రష్టలో భకు ఒత్తు ఉంది, ‘బ్రష్ట’ కాదు. కింద రావత్తు, వట్రుసుడి కాదు: భృష్ట అంటే సంస్కృతంలో వేయించినది. ష కింద టావత్తు, ఠావత్తు కాదు. గుర్తు పెట్టుకోవడానికి సులువు ఉంది: జరిగిపోయిన పనిని చెప్పే భ్రష్ట, నష్ట, దుష్ట, నికృష్ట లాంటివాటిలో ట. అన్నిటికంటే ఎక్కువ, తక్కువ అని చెప్పే శ్రేష్ఠ, కనిష్ఠ, జ్యేష్ఠలలో ఠ. అందుకే నికృష్టానికీ కనిష్ఠానికీ ఒత్తులు వేరు. భావవాచకం భ్రష్టత్వం, ‘భ్రష్టుత్వం’ వాడుకలో ఉన్నా పత్రంలో వద్దు. అధఃపతనం ఎక్కడైనా మిగిలితే విసర్గ కచ్చితంగా ఉండాలి, దాని బదులు కోలన్ గుర్తు పెట్టేస్తే వెతుకులాటలో ఆ మాట దొరకదు.

గోడ మీద బోర్డుకు ‘అవినీతి రహిత సంస్థ’ అని మీరు అనుకున్నది మార్చండి. అది చదివిన మనిషి చేయాల్సిన పని అందులో లేదు. “లంచం అడిగారా? ఇవ్వకండి, చెప్పండి. బలవంతంగా ఇవ్వాల్సి వచ్చిందా? 7 రోజుల్లోపు ఫిర్యాదు చేయండి” అని రెండు వరసలు, కింద మీ కంపెనీ ఫిర్యాదు నంబరు, దాని కింద ‘కర్ణాటక లోకాయుక్త, ఎం.ఎస్. బిల్డింగ్, అంబేడ్కర్ వీధి, బెంగళూరు’ అని పెట్టండి. చెన్నై గోదాము బోర్డులో లోకాయుక్త పంక్తి తీసేసి అక్కడి విజిలెన్స్, అవినీతి నిరోధక డైరెక్టరేట్ పేరు వేయాలి. అచ్చుకు పంపేముందు ప్రూఫును ఒక డ్రైవరుకు ఇచ్చి బయటికి చదవమనండి. అతను ఆగిన ప్రతిచోటా ఆ మాటను మార్చండి.